తంగు ఒరిసి పుండు పడితే, ముందు ఎక్కడ పడిందో చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. మొయినాబాద్ వైపు ఒక రైడింగ్ స్కూల్లో మూడేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. నాలుగు నెలల కిందట రేసుల నుంచి రిటైరైన 7 ఏళ్ల థరోబ్రెడ్ ఆడగుర్రాన్ని కొని అక్కడే ఉంచాం. వానలు మొదలయ్యాక దాని ముందుకాళ్ల వెనక, తంగు (జీను కదలకుండా పొట్ట కింద బిగించే పట్టీ, ఇంగ్లిష్‌లో గర్త్) ఒరుసుకునే చోట, రెండువైపులా వెంట్రుకలు ఊడిపోయాయి. ఎడమవైపు రూపాయి బిళ్లంత పుండు కూడా పడింది. తంగుకు ఉన్ని కవరు తొడిగి తేలిగ్గా తిప్పమంటారు కోచ్ గారు. మానేదాకా జీనే వేయొద్దంటాడు సైసు (గుర్రాన్ని చూసుకునే పనివాడు). తెలిసినవాళ్లు వంపు తిరిగిన ఖరీదైన గర్త్ తెప్పించమంటున్నారు, 20 వేలు దాటుతోంది. వచ్చే నెల అమ్మాయికి పోటీ ఉంది. తన వల్లే ఇలా అయిందని రోజూ ఏడుస్తోంది. ఎవరి మాట వినాలి? – ఒక తండ్రి, హైదరాబాద్

సమాధానం: సైసు మాట వినండి. చర్మం చిట్లి తడి కనిపిస్తున్నంత కాలం ఆ గుర్రానికి జీను వేయకండి. తేలిగ్గా తిప్పినా వద్దు, పది నిమిషాలైనా వద్దు. కొత్త చెప్పు కరిచి మడమ మీద బొబ్బ చిట్లితే, అదే చెప్పులో దూది కుక్కుకుని నడవమంటే మనం నడుస్తామా? ఉన్ని కవరు తొడిగితే తంగు ఇంకాస్త మందమవుతుంది తప్ప, అది లాగే చోటు మారదు. పైగా ఈ వానాకాలంలో ఉన్ని చెమటంతా పీల్చుకుని తడిబట్టలా పుండుకు అంటుకుని ఉంటుంది. మీ కోచ్ గారిని తప్పుపట్టడం లేదు. చర్మం చిట్లకముందు, వెంట్రుకలు కాస్త చెదిరినట్టు కనబడిన రోజున ఆ కవరు కొంత పనికొచ్చేది. ఇప్పుడు ఆ దశ దాటిపోయింది.

పుండు సంగతి ముందు చెబుతాను. లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి, అందులో ఒకటిన్నర చిన్న చెంచా ఉప్పు కలిపి, శుభ్రమైన మెత్తటి గుడ్డతో రోజుకు రెండుసార్లు కడగండి. రుద్దొద్దు, నీళ్లు పోస్తూ అద్దండి చాలు. చిట్లిన చర్మం మీద స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయొద్దు. అవి కొత్తగా పుట్టే చర్మాన్ని కూడా మాడ్చేస్తాయి. ఈ కాలంలో మనకు అసలు బెడద ఈగలు. తడి పుండు మీద వాలి గుడ్లు పెడితే పురుగులు పడతాయి. అందుకే ఏ ఆయింట్‌మెంట్ రాయాలో, ఈగలు వాలకుండా ఏం పూయాలో మీ వెటర్నరీ డాక్టర్‌ను అడగండి. డాక్టర్ వచ్చినప్పుడే ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో రికార్డు తీసి చూపించండి. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా సోకుతుంది, చిన్న గాయం చాలు. చీము పట్టినా, చుట్టూ వాచి వేడిగా ఉన్నా, జ్వరం 101.5 ఫారెన్‌హీట్ దాటినా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. ఊడిన చోట్లు గుండ్రంగా, అంచులు తేలి, పొట్టు రాలుతూ ఉంటే అది ఒరిపిడి కాదు, తామర కావచ్చు. స్కూళ్లలో ఒకే తంగు నాలుగు గుర్రాలకు వాడతారు కాబట్టి తామర మొదట తంగు చోటే కనబడడం మామూలు. అది పక్క గుర్రాలకు అంటుకుంటుంది, మనుషులకూ అంటుకుంటుంది. అమ్మాయి చేతుల మీదగానీ సైసు చేతుల మీదగానీ గుండ్రటి దురద మచ్చలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. డాక్టర్ చర్మాన్ని కాస్త గీకి పరీక్షకు పంపితే తేలిపోతుంది. మీరు రాసినదాన్ని బట్టి, రెండువైపులా ఒకే చోట ఉండడాన్ని బట్టి, ఇది ఒరిపిడే అని నాకు అనిపిస్తోంది.

ఇక అసలు ప్రశ్న. ఆ పుండు ఎందుకు పడింది?

ఊళ్లో రైతును అడిగితే, ఎద్దు మెడ మీద పుండు పడితే కాడిని ఒక్కదాన్నే తిట్టడు. పలుపు ఎలా కట్టారు, జోడు సమానంగా ఉందా, బరువు ఒకవైపే పడుతోందా అని చూస్తాడు. తంగు విషయంలో కూడా అలాగే చూడాలి. తంగు తనంతట తాను ఎక్కడికీ పోదు. జీను ఎటు లాగితే అటు పోతుంది. అందుకే 20 వేల గర్త్ ఆర్డర్ పెట్టే ముందు, పుండు ఎక్కడుందో దగ్గరగా చూడండి. గుర్రం మోచేతి (ముందుకాలు ఒంటిని కలిసే చోటి కీలు) వెనక ముడతలోనే ఉంటే తంగు ముందుకు జరుగుతోందని అర్థం. అంతకంటే పైన, బకిల్ తగిలే ఎత్తులో ఉంటే తంగు పొడవు తప్పు. రొమ్ము ఎముక మీద, పొట్ట అడుగున ఉంటే అతిగా బిగించడమో, అడుగున మట్టి గట్టిపడడమో అయి ఉండాలి. మీరు చెప్పింది ముందుకాళ్ల వెనక, రెండువైపులా. అంటే మోచేయి.

ఇది చాలామంది అనుకునేదానికి భిన్నం. తంగు బిగువంతా రొమ్ము కింద పడుతుందనుకుని అక్కడే మెత్త పెడతారు. 2013లో బ్రిటన్ పరిశోధకులు తంగు కింద ఒత్తిడిని కొలిచే పలకలు పెట్టి చూస్తే, ఎక్కువ ఒత్తిడి మోచేతుల వెనకే కనిపించింది. ముందుకాలు నేల మీద ఆని, దాని మీదుగా ఒళ్లు ముందుకు సాగే క్షణంలో అక్కడి కండరం, చర్మం వెనక్కి ఉబ్బి తంగు అంచుకు ఒత్తుకుంటాయి. ప్రతి అడుగుకూ అలాగే. గంట స్వారీలో ఎన్ని అడుగులో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు తంగు ముందుకు ఎందుకు జరుగుతుందో చెప్తాను. గుర్రాన్ని పక్కనుంచి చూస్తే మోచేతికి కాస్త వెనక, పక్కటెముకల గూడు అన్నిటికంటే సన్నగా ఉండే చోటు ఒకటి ఉంటుంది, గాడిలాగా. మీరు ఎక్కడ బిగించినా నడక మొదలయ్యాక తంగు ఆ గాడిలోకే జారుతుంది. నడుముకు కట్టిన పంచె సన్నటి చోటికి చేరినట్టే. జీను నుంచి వేలాడే పట్టీలు, బిల్లెట్లు అంటారు చూడండి, అవి సరిగ్గా ఆ గాడి మీదకి నిట్టనిలువుగా దిగితే గొడవ లేదు. వెనక్కి దిగితే మాత్రం తంగు ముందుకు జారుతూ జీనును కూడా లాక్కుపోతుంది. జీను మూపు మీదకి ఎక్కుతుంది, తంగు మోచేతుల్లోకి దిగుతుంది. అప్పుడు జీను జారుతోందని ఇంకో రంధ్రం బిగిస్తారు. దాంతో ఒరిపిడి ఇంకా పెరుగుతుంది.

మీ గుర్రం విషయంలో నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. రేసుల నుంచి వచ్చిన గుర్రం నాలుగు నెలల్లో అదే గుర్రం కాదు. ట్రాక్ మీద ఉన్నప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంటుంది. బయటికొచ్చాక పని తగ్గి, గడ్డి పెరిగి, పొట్ట గుండ్రంగా నిండుతుంది. వీపు, మూపు పక్కల కండ కూడా మారుతుంది. ఏప్రిల్‌లో సరిపోయిన జీను ఇప్పుడు ముందువైపు ఇరుకై ఉండొచ్చు. నిండిన పొట్ట వెనకనుంచి జీనును ముందుకు నెడుతూ ఉండొచ్చు. థరోబ్రెడ్ చర్మం పల్చన, వెంట్రుక పొట్టి. దానికి మన వానాకాలపు చెమట, ఆరని నమ్దా (జీను కింద వేసే మెత్త) తోడయ్యాయి. ఇన్ని కలిసినప్పుడు పుండు పడకపోతేనే ఆశ్చర్యం.

పుండు మానుతున్న రోజుల్లోనే మీరు చేయగలిగిన పరీక్ష ఉంది. గుర్రాన్ని చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమానంగా నిలబెట్టండి. నమ్దా లేకుండా, తంగు కట్టకుండా జీను ఒక్కటే పెట్టండి. మూపు మీద కాస్త ముందుగా పెట్టి, వెంట్రుకల వాలున వెనక్కి జరపండి. భుజం ఎముక దాటాక అది తనంతట కూర్చునే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ వదిలి పక్కకొచ్చి చూడండి. బిల్లెట్లు ఎక్కడికి దిగుతున్నాయి? మోచేతికీ వాటికీ మధ్య మీ నాలుగు వేళ్లు పట్టాలి. గాడి ఎక్కడుందో చూపుకు అందకపోతే, అరచేతిని మోచేతి వెనక నుంచి పొట్ట మీదుగా వెనక్కి నెమ్మదిగా జరపండి, వేళ్లకు దొరుకుతుంది. ఎడమవైపు పుండు దగ్గర మాత్రం చేయి పెట్టొద్దు, కుడివైపు చూస్తే చాలు.

ఇక్కడ రెండు దారులు. బిల్లెట్లు గాడిలోకే దిగుతుంటే మీకు మామూలు నిటారు తంగు చాలు. అది సరైన కొలతలో, శుభ్రంగా ఉంటే చాలు. గాడి మరీ ముందుకు, మోచేతికి ఆనుకుని ఉండి, బిల్లెట్లు వెనక్కి దిగుతుంటే అప్పుడు ఆ వంపు తంగు పనికొస్తుంది. అది పైన బకిళ్ల దగ్గర వెనక్కి ఉండి, అడుగున గాడిలోకి ముందుకు వంగి, మోచేతి దగ్గర చోటు వదులుతుంది. చాలా థరోబ్రెడ్‌లకు, పొట్ట గుండ్రంగా ఉండే గుర్రాలకు ఇది నిజంగానే సుఖం. అయితే జీనే ఇరుకైతే ఏ వంపూ కాపాడదు. అందుకే ముందు జీను చూపించండి. జీను లోపలి మెత్త సర్ది కుట్టే అనుభవం ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో తక్కువే, కానీ రేసుగుర్రాల ట్రైనర్ల దగ్గర వాకబు చేస్తే దొరుకుతారు. ఆ ఖర్చు తంగు ఖర్చుకంటే ముందు పెట్టాల్సింది.

కొలత గురించి కూడా చెప్తాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. జీను, నమ్దా వేసి, ఒకవైపు బిల్లెట్ మధ్య రంధ్రం నుంచి పొట్ట కిందుగా రెండోవైపు మధ్య రంధ్రం దాకా టేపు పట్టండి. వచ్చిన అంగుళాలే మీ తంగు పొడవు. జంపింగ్ జీను, మామూలు జీనుకు వాడే పొడవు తంగులు సాధారణంగా 44 నుంచి 54 అంగుళాల మధ్య వస్తాయి. డ్రెసాజ్ (గుర్రం నడక విన్యాసాలు) జీనుకు పొట్టివి, 22 నుంచి 32 దాకా. పొడవు తంగు అయితే రెండువైపులా బకిళ్లు ఒకే ఎత్తులో, జీను రెక్క కింద ఉండాలి. పైకి ఇంకో రెండు రంధ్రాలు మిగలాలి, బరువు తగ్గినా పెరిగినా సర్దుకోవడానికి. పొట్టి తంగు అయితే బకిళ్లు మోచేతికి పైన ఉండాలి, పొరపాటున కూడా దాని వెనకకు రాకూడదు. జీను రెక్క అంచుకూ బకిల్‌కూ మధ్య నాలుగు వేళ్ల చోటుంటే చాలు.

మీ అమ్మాయి తంగును ఎప్పుడూ ఎడమవైపు నుంచే బిగిస్తోందేమో అడగండి. అందరం అలాగే నేర్చుకున్నాం. కానీ కుడివైపు మొదటి రంధ్రంలో పెట్టేసి, ఎడమవైపు ఐదో రంధ్రం దాకా లాగితే తంగు మధ్యభాగం రొమ్ము మధ్యలో ఉండదు. లాగిన ప్రతిసారీ ఎడమవైపు చర్మం ముడతపడి తంగు కింద నలుగుతుంది. ఎడమవైపే పుండు పెద్దదవడానికి ఇది ఒక కారణం కావచ్చు. రెండువైపులా చెరొక రంధ్రం చొప్పున మార్చి మార్చి బిగించాలి. తంగుకు ఎలాస్టిక్ ఉంటే రెండు చివర్లా ఉండాలి. ఒక చివరే ఉంటే ఆవైపు సాగి, జీను రెండోవైపుకు లాగుతుంది. ఎలాస్టిక్ మెత్తగా సాగుతుంది కదా అని చెయ్యి తెలియకుండానే ఎక్కువ బిగించేస్తుంది కూడా.

బిగువు ఎంత అంటే, రొమ్ము కింద, రెండు ముందుకాళ్ల మధ్య, తంగుకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు చదునుగా, కొద్ది ఒత్తిడితో దూరాలి. పక్కన చూసి మోసపోవద్దు, అక్కడ ఎప్పుడూ వదులుగానే అనిపిస్తుంది. ఒకేసారి బిగించకూడదు. తబేలాలో జీను వేసినప్పుడు తంగు ఒంటికి తాకేంత వరకే. ఎక్కే ముందు ఒక రంధ్రం. ఐదు పది నిమిషాలు నడిచాక ఇంకొకటి. ఆస్ట్రేలియాలో రేసుగుర్రాలను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, తంగు బిగువు పెరిగేకొద్దీ గుర్రాలు త్వరగా అలిసిపోయాయి. మీ పోటీకి కూడా ఇది పనికొచ్చే మాటే.

ఇక్కడ నా దగ్గర జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. గుర్రాల మధ్యకు వచ్చిన కొత్తలో నాకు ఒక ఎర్రటి ఆడగుర్రాన్ని అప్పగించారు. తంగు చేతిలోకి తీసుకోగానే చెవులు వెనక్కి వాల్చి పళ్లు చూపేది. కోపిష్టిదని పేరు. అందరూ అదే మాట అనేవారు, నేనూ నమ్మాను. ఒకరోజు ముసలి సైసు ఒకాయన, తంగు బిగించాక నా చేయి పట్టుకుని దాని మోచేతి వెనకకు తీసుకెళ్లాడు. వేళ్లకు తగిలింది చిటికెడంత చర్మం, రెండు మడతలుగా, తంగు అంచు కింద ఇరుక్కుపోయి. పైన వెంట్రుకలు కప్పేసి కంటికి ఏమీ కనబడడం లేదు. ఆయన ముందుకు వంగి, దాని ముందుకాలిని మోకాలి కింద పట్టుకుని, నెమ్మదిగా ముందుకు చాచాడు. మడత విడిపోయింది. రెండో కాలు కూడా అలాగే చాచాడు. గుర్రం పెద్దగా ఊపిరి వదిలి తల దించింది. ఆ రోజు నుంచి ఏ గుర్రానికైనా తంగు బిగించాక రెండు కాళ్లూ చాచకుండా నేను ఎక్కలేదు. మీ అమ్మాయికి ఈ అలవాటు ఇప్పుడే చేయండి. కాలిని లాగకూడదు, అది ఇచ్చినంతే తీసుకోవాలి.

అన్నీ సరిచేశాక కూడా తంగు చూడగానే కరవబోతుంటే మాత్రం డాక్టర్‌తో మాట్లాడండి. రేసుగుర్రాల్లో కడుపులో పుండ్లు చాలా మామూలు. ఆ నొప్పి కూడా తంగు వేసేటప్పుడే బయటపడుతుంది.

ఏ రకం తంగు కొనాలి అంటే, మన ఎండకు, వానకు నా ఓటు మంచి తోలు తంగుకే, లేదంటే ఉతకగలిగే నూలు తంగుకు. నియోప్రీన్ (ఒక రకం మెత్తటి రబ్బరు) తుడవడానికి తేలికే, కానీ దాని కింద గాలి ఆడదు. వేడి, చెమట అక్కడే నిలిచిపోతాయి. పల్చటి చర్మానికి పడదు. కొన్ని గుర్రాలకు దద్దుర్లు కూడా వస్తాయి. తోలు తంగు కొనేటప్పుడు అంచులు వేలితో తడమండి. గుండ్రంగా మలిచి ఉండాలి, కోసినట్టు పదునుగా ఉండకూడదు. చర్మానికి తగిలే వైపు కుట్లు పైకి తేలకూడదు. సగానికి వంచితే పగుళ్లు కనబడకూడదు. మూడు మడతల తంగు అయితే మడిచిన వైపు ముందుకు, మోచేతుల వైపు ఉండాలి. ఇది తిరగేసి వాడేవాళ్లను చాలామందిని చూశాను. కాన్పూర్‌లో తయారయ్యే జీను సామాను విదేశాలకు కూడా వెళ్తుంది, అక్కడి మంచి తోలు తంగు మీరు చెప్పిన ధరలో చాలా తక్కువ భాగానికే వస్తుంది. వెడల్పు తంగు ఒత్తిడిని పంచుతుంది, మంచిదే, కానీ ముందు అంచు మోచేతికి తగిలేంత వెడల్పు వద్దు.

ఎంత మంచి తంగైనా ఉప్పు పేరుకుంటే ఇసుక కాగితమే. చెమట ఆరాక మిగిలే తెల్లటి పొరను వేలితో గీకి చూడండి, గరగరలాడుతుంది. దాని మీద మళ్లీ చెమట, మళ్లీ మట్టి. తోలు తంగును ప్రతి స్వారీ తర్వాత తడి స్పాంజితో తుడిచి నీడలో ఆరబెట్టాలి. వారానికోసారి జీను సబ్బు. తోలు గట్టిపడుతున్నట్టు అనిపిస్తే నూనె పట్టించాలి. వానాకాలంలో గదిలో వేలాడదీసిన తోలుకు రెండు రోజుల్లో బూజు పడుతుంది, అది తుడవకుండా వేయొద్దు. నూలు తంగు, ఉన్ని కవరు అయితే ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాలి. గుర్రానికి జీను వేసే ముందు తంగు చోటును బ్రష్‌తో దువ్వి, అరచేత్తో తడిమి చూడాలి. దిగాక చెమట కడిగి ఆరబెట్టాలి. మీ గుర్రానికి తంగు, నమ్దా వేరుగా ఉంచండి. వేరే గుర్రానివి అరువు తెచ్చుకోవద్దు.

పైచర్మమే లేచి ఉంటే పది పదిహేను రోజుల్లో మానుతుంది. లోతుగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా గుర్రాన్ని తబేలాలో కట్టేసి ఉంచనక్కర్లేదు. రోజూ తాడు పట్టుకుని నడిపించండి, జీను లేకుండా పొడవాటి తాడు పట్టుకుని చుట్టూ గుండ్రంగా తిప్పండి. చర్మం మూసుకుని, నొక్కితే గుర్రం ఉలిక్కిపడకుండా ఉన్నప్పుడు జీను వేయండి. మొదట 15 నిమిషాల నడక మాత్రమే. దిగగానే తంగు చోటు చూడాలి. ఎర్రబడినా, వెంట్రుకలు చెదిరినా మరో మూడు రోజులు ఆగాలి. మొదటి వారం రెండు మోచేతుల వెనక పల్చగా పెట్రోలియం జెల్లీ రాయొచ్చు, మూసుకున్న చర్మం మీద మాత్రమే.

పోటీ సంగతి నేరుగానే చెప్తాను. ఈ గుర్రం మీద వచ్చే నెల పోటీ వదిలేయండి. స్కూల్ గుర్రం ఏదైనా ఇస్తామంటే దాని మీద వెళ్లనివ్వండి. సగం మానిన చర్మం పోటీ రోజున మళ్లీ చిట్లితే నెల కాదు, మూడు నెలలు పోతాయి.

అమ్మాయికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆ పిల్ల నాలుగు నెలలుగా తనకు నేర్పినట్టే తంగు బిగించింది. జీను మారాలని చూడాల్సింది పెద్దవాళ్లం. పుండు కడిగే పని మాత్రం తనకే ఇవ్వండి, సైసు పక్కన ఉండగా. గుర్రానికి నొప్పి ఎక్కడుందో చేతికి తెలిసిన పిల్ల ఏడుపు మానేస్తుంది, నేను చూశాను.

జీను పరీక్ష చేసినప్పుడు రెండువైపుల నుంచీ ఫొటోలు తీసి పంపండి. కెమెరా గుర్రం మోచేతి ఎత్తులో ఉండాలి, పైనుంచి వద్దు. బిల్లెట్లు, మోచేయి, పొట్ట గీత మూడూ ఒకే ఫొటోలో పడాలి. నిటారు తంగు చాలో, వంపుది కావాలో అప్పుడు చెప్తాను. అందాకా ఆ 20 వేలు మీ దగ్గరే ఉంచండి.